గొడ్డలి పట్టినవాని లెక్క: ద్వితీయోపదేశకాండము 20:19-20 పై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

ఒక పట్టణమును ముట్టడించిన సైన్యము దాని చుట్టునున్న ఫలవృక్షములను నరకకూడదని ద్వితీయోపదేశకాండము 20:19-20 ఆజ్ఞాపించుచున్నది. రెండే వచనములు. అయినను పర్యావరణమును గూర్చి సంఘములో ప్రసంగించవలసి వచ్చినప్పుడు ఆదికాండము తరువాత మనకు మొదట గుర్తుకు వచ్చునవి ఈ రెండు వచనములే. మొక్కలు నాటు కార్యక్రమములో వీటిని చదివి, చెట్లను కాపాడుమని దేవుడు ఏనాడో సెలవిచ్చెనని చెప్పి ముగించుట పరిపాటి. ఆ ఉద్దేశము మంచిదే. కాని వాక్యభాగము చెప్పునది సరిగా అది కాదనియు, అది చెప్పునది దానికంటె కఠినమైనదనియు మా అభిప్రాయము.

ఈ వ్యాసములో మేము మూడు ప్రశ్నలను పరిశీలింపగోరుచున్నాము. ఈ ఆజ్ఞ దేనిని నిషేధించుచున్నది? ఈ ఆజ్ఞ క్రింద శతాబ్దముల తరబడి జీవించిన యూదులు దీనిని ఎట్లు గ్రహించిరి? చెట్టును కాపాడిన ఈ అధ్యాయమే మనుష్యులను ఎందుకు కాపాడలేదు? మూడవ ప్రశ్నను మనము సాధారణముగా తప్పించుకొని పోవుదుము. మా దృష్టిలో మొదటి రెంటికిని తాళపుచెవి అదే.

వాక్యభాగము

ఆజ్ఞ యొక్క సందర్భము దీర్ఘకాలపు ముట్టడి. సైన్యము చాల దినములు ఒకేచోట దిగియుండును. వంటకు కట్టెలు కావలెను. గోడలనెక్కుటకు దిబ్బలు, నిచ్చెనలు, బురుజులు కావలెను. చేతికి అందునంత దూరములో లోపలివారి ఒలీవ తోటలు, అంజూరపు తోటలు, ఖర్జూరపు చెట్లు ఉండును. గొడ్డలి ఎత్తుటకు ఇంతకంటె బలమైన కారణము మరియొకటి ఉండదు. సరిగా అక్కడనే ధర్మశాస్త్రము అడ్డు నిలుచుచున్నది. ఆ చెట్ల ఫలములు తినవచ్చును, చెట్లను మాత్రము నరకకూడదు.

అయితే ఇరువదియవ వచనము ఒక అనుమతిని కూడ ఇచ్చుచున్నది. ఆహారమునిచ్చునవి కావని తెలిసిన చెట్లను నరికి ముట్టడి పనికి వాడుకొనవచ్చును. ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, పందొమ్మిదవ వచనములో నిషేధమునకు వాడబడిన 'పాడుచేయుట' అను హెబ్రీ క్రియయే ఇరువదియవ వచనములో అనుమతికి కూడ వాడబడినది. కాబట్టి ఇది చెట్లన్నిటిని కాపాడు చట్టము కాదు. అడవి చెట్టును గూర్చి ఈ వాక్యభాగము ఏమియు పట్టించుకొనలేదు. దాని చింత ఆహారమును గూర్చినది. అడవుల రక్షణకు వాక్యాధారము కావలెనంటే ఆదికాండము 2:15 కో, 104వ కీర్తనకో వెళ్లవలెను గాని ఈ వచనముపై అంత బరువు మోపరాదు.

రెండవది, అనుమతి అంతయు 'ఎరుగుట' అను ఒక్క క్రియపై ఆధారపడియున్నది. ఫలమిచ్చునది కాదని నీవు ఎరిగిన చెట్టునే నరకవచ్చును. తెలియనప్పుడు? వచనపు సహజార్థమును బట్టి, తెలియనప్పుడు గొడ్డలి దించవలెను. ఈ చెట్టు పనికిమాలినదని చూపించవలసిన బాధ్యత నరకబోవువానిది. తాను పనికివచ్చుదానినని చెట్టు సాక్ష్యమియ్యనక్కరలేదు. మా వ్యాసమునకు ఆధారము ఈ చిన్న పరిశీలనయే.

చారిత్రక నేపథ్యము

ఈ ఆజ్ఞ గాలిలో పుట్టినది కాదు. క్రీ.పూ. 15వ శతాబ్దములో ఐగుప్తు రాజైన మూడవ థుత్మోసు మెగిద్దోను ముట్టడించినప్పుడు ఆ పట్టణపు ఫలవృక్షములనే నరికించి వాటి కొయ్యతో చుట్టు ఆవరణము కట్టించినట్లు అతని శాసనములు తెలుపుచున్నవి. క్రీ.పూ. 841లో అష్షూరు రాజైన మూడవ షల్మనేసెరు హజాయేలును దమస్కులో బంధించి, పట్టణము లొంగకపోగా దాని తోటలను నరికించినట్లు తానే గొప్పగా వ్రాయించుకొనెను. అష్షూరు రాజభవనముల శిలాఫలకములలో సైనికులు ఖర్జూరపు చెట్లు కూల్చు దృశ్యములు చెక్కబడియున్నవి. నాడు అది దాచుకొనవలసిన పని కాదు, గోడపై చెక్కించుకొనవలసిన ఘనత.

ఇందులో రెండు వేర్వేరు పద్ధతులున్నవి. థుత్మోసు చెట్టును కొయ్య కొరకు నరికించెను. షల్మనేసెరు లోపలివారిని బాధించుటకు నరికించెను. మొదటిదానిలో ప్రయోజనము ఉన్నది, రెండవదానిలో కక్ష ఉన్నది. ఒలీవ చెట్టు నిండుగా కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. దానిని నరికినవాడు ఈ సంవత్సరపు పంటనే గాక తరువాతి తరము భోజనమును కూడ నరుకుచున్నాడు. మన ఆజ్ఞ ఈ రెంటిలో దేనికి జవాబు అను విషయమై పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. మైకేల్ హాసెల్ 2005లో ప్రచురించిన గ్రంథములో, ఫలవృక్షములను ముట్టడి పనులకు వాడు పద్ధతినే ఇది ఖండించుచున్నదని వాదించెను. జేకబ్ రైట్ 2008లో వ్రాసిన వ్యాసములో, దీనిని అన్యసామ్రాజ్యములపై విమర్శగా మాత్రమే చదువుట సరికాదని వాదించెను. రైటు వాదములోని ఈ హెచ్చరిక మనకు మేలు చేయును. ధర్మశాస్త్రము అష్షూరు సైనికుని సంబోధించుట లేదు. అది సంబోధించుచున్నది ఇశ్రాయేలు సైనికుని.

ప్రశ్నయా, ప్రకటనయా?

పందొమ్మిదవ వచనపు చివరి వాక్యములో మనుష్యుడు, చెట్టు, పొలము అను మూడు మాటలు క్రియ లేకుండ ప్రక్కప్రక్కన వచ్చుచున్నవి. వాటికి ముందు 'కీ' అను చిన్న అవ్యయము గలదు. దీనిని 'ఏలయనగా' అని చదివినచో వాక్యము ప్రకటన అగును: మనుష్యుని బ్రదుకు పొలములోని చెట్టుమీద ఆధారపడియున్నది. ప్రశ్నగా చదివినచో భావము మారిపోవును: నీవు ముట్టడించుటకు చెట్టు మనుష్యుడా?

గ్రీకు సెప్తుజింతు అనువాదము 'కాదు' అను జవాబును ఆశించు ప్రశ్నగానే దీనిని చదివినది. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ కూడ ప్రశ్నగానే గ్రహించెను. చెట్టు శత్రువు కాదు, పారిపోలేదు, గోడ వెనుక దాగలేదు. దానిని ఎందుకు శిక్షింతువు? 12వ శతాబ్దపు ఇబ్న్ ఎజ్రా దీనిని ఒప్పుకొనలేదు. అతని దృష్టిలో ఇది ప్రకటన. చెట్టు మనుష్యుని ప్రాణాధారము. 1611 నాటి ఆంగ్ల అనువాదము ఈ రెండవ త్రోవను అనుసరించినది. మన తెలుగు పరిశుద్ధ గ్రంథము ప్రశ్న రూపమును ఎన్నుకొన్నది.

ఇది వ్యాకరణపు తగవు మాత్రమే కాదు. ప్రకటనగా చదివినవాడు తన మేలు కొరకు చెట్టును విడిచిపెట్టును, ఎందుకనగా పట్టణము తనదైన తరువాత తానే ఆ ఫలములు తినును. ప్రశ్నగా చదివినవాడు చెట్టు నిర్దోషి గనుక విడిచిపెట్టును. మొదటిది వివేకము, రెండవది న్యాయము. 1వ శతాబ్దములో యోసేపసు రెండవ త్రోవనే నడిచెను. చెట్లకు నోరుండినయెడల, యుద్ధమునకు కారణము తాము కాకపోయినను తమను శిక్షించుట అన్యాయమని అవి మొరపెట్టునని అతడు ఈ ఆజ్ఞను వివరించెను. అదే యోసేపసు క్రీ.శ. 70లో రోమా సైన్యము దిబ్బలు కట్టుటకు యెరూషలేము చుట్టు 90 స్టాడియాల మేరకు చెట్లన్నిటిని నరికి ఆ దేశమును మోడు చేసిన సంగతిని కన్నీటితో వ్రాయవలసి వచ్చెను.

రబ్బీల చేతిలో ఆజ్ఞ

ఆ తరువాత యూదులకు సైన్యము లేకపోయెను. క్రీ.శ. 135లో బార్ కోఖ్బా తిరుగుబాటు అణచివేయబడిన పిమ్మట ముట్టడి వేయు అవకాశమే వారికి లేదు. ముట్టడి లేనప్పుడు ముట్టడి చట్టము చచ్చిపోవలెను. కాని అది చావలేదు, పెరిగినది. 'బల్ తష్హిత్', అనగా 'పాడుచేయవద్దు' అను పేరుతో అది తోటలోనికి, అంగడిలోనికి, ఇంటిలోనికి ప్రవేశించినది.

బబులోను తాల్మూదులోని బావా కమ్మా 91-92 పత్రములలో ఈ చర్చను చూడవచ్చును. 'కబ్' అను చిన్న కొలతకు సరిపడు ఖర్జూరములు కాయుచున్నంతవరకు ఆ చెట్టును నరకరాదని రావ్ అను గురువు నియమము పెట్టెను. ఒలీవకు మిష్నా పెట్టిన హద్దు ఇంకను తక్కువ, కబ్‌లో నాలుగవ వంతు. రవీనా అను మరియొక గురువు, చెట్టు ఫలము కంటె కొయ్యకు ఎక్కువ వెల పలుకునప్పుడు నరకవచ్చుననెను. అక్కడనే రబ్బీ హనీనా కథ గలదు. తన కుమారుడు మరణించుటకు, కాలము రాకముందే ఒక అంజూరపు చెట్టును నరుకుట తప్ప వేరు కారణము లేదని ఆ తండ్రి చెప్పుకొనెను. చట్టపు కొలతల నడుమ ఒక తండ్రి దుఃఖమును సంకలనకర్తలు తీసివేయకుండ ఉంచిరి.

ఇరువదియవ వచనమును ఈ గురువులు మరియొక విధముగా చదివిరి. ఎరిగిన చెట్టు అనునది ఫలవృక్షమునే సూచించుననియు, ఆహారమునియ్యనిదను తరువాతి మాట గొడ్డు చెట్టును సూచించుననియు వారు విభజించిరి. దాని ఫలితార్థము: తప్పనిసరియైనచో ఫలవృక్షమును సైతము నరకవచ్చును, కాని గొడ్డు చెట్లు అయిపోయిన తరువాతనే. మేము పైన చూపిన సహజార్థము కంటె ఇది సడలింపే. అయినను వరుస తప్పరాదన్న నియమములో లెక్క చెప్పవలసిన బాధ్యత అట్లే నిలిచియున్నది.

12వ శతాబ్దములో మైమోనిదెస్ 'మిష్నే తోరా' అను తన ధర్మసంహితలో, రాజుల చట్టముల 6వ అధ్యాయములో వీటన్నిటిని క్రోడీకరించెను. చెట్టును నరుకుటయే గాక అది ఎండిపోవునట్లు నీటి కాలువను మళ్లించుట కూడ నిషిద్ధము. ఇతర వృక్షములకు గాని పరుల పొలమునకు గాని హాని చేయుచున్నప్పుడు, లేదా కొయ్యకు వెల ఎక్కువైనప్పుడు నరకవచ్చును. నిషేధింపబడినది పాడుచేయు తలంపుతో నరుకుట. తరువాత ఆయన పాత్రలు పగులగొట్టుటను, వస్త్రములు చింపుటను, కట్టడము కూల్చుటను, ఊట పూడ్చుటను, ఆహారము పారవేయుటను ఈ నిషేధపు నీడలోనికి తెచ్చెను. వీటికి శిక్ష రబ్బీల అధికారమును బట్టియే గాని తోరా విధించిన దెబ్బలు కావని స్పష్టము చేసెను. 13వ శతాబ్దపు నహ్మనీదెస్ సందు కొంచెము పెద్దది చేసెను. ముట్టడికి అవసరమైనచో ఫలవృక్షమును నరకవచ్చుననియు, సైన్యములు అలవాటుగా చేయు వ్యర్థ వినాశనమునే తోరా నిషేధించినదనియు అతడు వ్యాఖ్యానించెను.

ఎలీషా సమస్య

ఈ ఆజ్ఞకు పరిశుద్ధ గ్రంథములోనే ఎదురు సాక్ష్యము గలదు. 2 రాజులు 3వ అధ్యాయములో ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు మోయాబుపైకి వెళ్లినప్పుడు, మంచి చెట్లన్నిటిని నరికి, ఊటలను పూడ్చి, పొలములను రాళ్లతో చెరుపుటను గూర్చి ఎలీషా ప్రవచించెను. ధర్మశాస్త్రము నిషేధించిన దానిని ప్రవక్త సెలవిచ్చెనా?

కొందరు ఆ మాటలను ఆజ్ఞగా గాక, జరుగబోవు దానిని తెలుపు ప్రవచనముగా చదువుదురు. హెబ్రీ క్రియారూపములు ఈ రెండర్థములకును చోటిచ్చుచున్నవి. ప్రాచీన మిద్రాషును అనుసరించి రాషీ, మోయాబు తృణీకరింపబడిన జనము గనుక వారి విషయములో మాత్రము నిషేధము ఎత్తివేయబడెననెను. ఈ జవాబు మమ్మును తృప్తిపరచుట లేదు. శత్రువు నీచుడైనప్పుడు చెట్టు నిర్దోషిత్వము ఎట్లు తొలగిపోవును? రాషీ ద్వితీయోపదేశకాండముపై వ్రాసిన ప్రశ్నయే 2 రాజులపై వ్రాసిన జవాబును ప్రశ్నించుచున్నది. అంతకంటె ఆ కథ ముగింపును గమనించుట మేలు. చెట్లు కూలినవి, ఊటలు పూడినవి. కాని మోయాబు రాజు తన జ్యేష్ఠకుమారుని ప్రాకారముపై బలి ఇచ్చిన పిమ్మట ఇశ్రాయేలు పట్టణమును పట్టుకొనకయే తిరిగి వెళ్లెను. నరికిన చెట్లు వారికి జయమును తేలేదు. గ్రంథకర్త ఏ తీర్పును చెప్పలేదు గాని కథను అక్కడనే ఆపెను.

ఒకే అధ్యాయము, రెండు గతులు

ఇప్పుడు మూడవ ప్రశ్న. చెట్లను విడువుమన్న వచనములకు కొంచెము పైననే, దూరపు పట్టణము లొంగనియెడల పురుషులనందరిని హతము చేయుమని 13వ వచనమును, కనానీయుల పట్టణములలో ఊపిరిగల దేనిని బ్రతుకనియ్యవద్దని 16-17 వచనములును చెప్పుచున్నవి. చెట్టు మనుష్యుడు కాదు గనుక విడువబడెను. మనుష్యుడు మనుష్యుడే గనుక చంపబడెను. పర్యావరణ ప్రసంగములో 19వ వచనము మాత్రమే చదివి పుస్తకము మూయువారు ఈ భారమును విశ్వాసుల నెత్తిన వదలి వెళ్లుచున్నారు. ఒక యౌవనస్థుడు ఇంటికి వెళ్లి ఆ అధ్యాయమంతయు చదివినచో అతనికి ఏమి జవాబు చెప్పుదుము?

యూదా సంప్రదాయము ఈ రెండు ఆజ్ఞలను రెండు వేర్వేరు దిక్కులకు నడిపించినది. చెట్టు ఆజ్ఞ ముట్టడి నుండి సమస్త జీవితమునకు విస్తరించినది. సంహారపు ఆజ్ఞ ముడుచుకొని పోయినది. మిష్నాలోని యాదయిమ్ 4:4లో ఒక అమ్మోనీయుడు సమాజములో చేరగోరినప్పుడు, సన్హెరీబు జనములన్నిటిని కలిపివేసెను గనుక పాత జనముల గుర్తులు ఇక నిలువవని రబ్బీ యెహోషువ వాదించి గెలిచెను. కనాను ఏడు జనముల జ్ఞాపకము సైతము నశించినదని మైమోనిదెస్ వ్రాసెను. అనగా ఆజ్ఞ గ్రంథములో ఉన్నది గాని, దానిని అమలు చేయుటకు ఎవరును మిగలలేదు. అంతేకాదు, ఏ యుద్ధమైనను ముందు సంధికి పిలువకుండ ఆరంభింపరాదనియు, ముట్టడిలో పారిపోగోరువారికి నాలుగవ ప్రక్క తెరచియుంచవలెననియు ఆయన విధించెను. ఆ సంధి షరతులు నేటి మన దృష్టికి కఠినమైనవే. అయినను నడక ఏ దిక్కునకో స్పష్టమే.

దీనిని మేము వ్యాఖ్యానపు చమత్కారముగా చూచుట లేదు. ఒక సమాజము తన గ్రంథములోని ఏ వాక్యమునకు పెరుగుటకు స్థలమిచ్చెనో, ఏ వాక్యమునకు కంచె వేసెనో, అందులో దాని మనస్సాక్షి తెలియును. క్రైస్తవ వ్యాఖ్యాతలు తరచుగా ధర్మశాస్త్రమును 'అక్షరము' అని ప్రక్కకు నెట్టి, రబ్బీల చర్చను వెంట్రుకలు చీల్చు పనిగా హేళన చేసిరి. కబ్ ఖర్జూరముల లెక్క వేసినవారు చీల్చినది వెంట్రుకలను కాదు. గొడ్డలి ఎక్కడ ఆగవలెనో వారు వెదకిరి.

గొడ్డలి మరల చేతికి వచ్చినప్పుడు

అయితే ఒక మాట నిజాయితీగా ఒప్పుకొనవలెను. ఈ విస్తరణ చాలవరకు సైన్యము లేనివారి చేతిలో జరిగినది. గొడ్డలి లేనివానికి గొడ్డలిని నిగ్రహించుట సులభము. 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన తరువాత ఆజ్ఞకు అసలైన పరీక్ష తిరిగి వచ్చినది. వెస్ట్ బ్యాంకులో పాలస్తీనీయుల ఒలీవ చెట్లు నరకబడినప్పుడు, 1988లో స్థాపింపబడిన 'మానవ హక్కుల కొరకు రబ్బీలు' అను సంస్థకు చెందినవారు ఈ ఆజ్ఞనే చేతపట్టుకొని రైతుల ప్రక్కన నిలిచి కోతలలో పాల్గొనిరి. చెట్ల చాటున పొంచి కాల్పులు జరుపుదురు గనుక భద్రత కొరకు నరుకుట అవసరమను వాదమునకు కూడ అదే సంప్రదాయములోని సడలింపులు ఆధారముగా దొరకును. 2023 అక్టోబరు 7న హమాసు జరిపిన దాడిలో సుమారు 1,200 మంది మరణించిరి. దాని తరువాత జరిగిన యుద్ధములో గాజాలో పదులవేల మంది మరణించిరి. 2024 సెప్టెంబరు నాటి ఉపగ్రహ చిత్రములను బట్టి అక్కడి సాగుభూమిలో మూడింట రెండు వంతులు, తోటలతో సహా, దెబ్బతిన్నదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తెలిపెను. మనుష్యుల ప్రాణముల ప్రక్కన చెట్ల లెక్క చెప్పుట తగునా అని పాఠకులు అడుగవచ్చును. కాని చెట్టు పోయినచోట బ్రతికి మిగిలినవాడు ఏమి తినును అనునదే ఈ వాక్యభాగపు ప్రశ్న.

ఇది యూదులకు మాత్రమే వేయవలసిన ప్రశ్న కాదు. క్రైస్తవ రాజ్యములు ఒకదానినొకటి కాల్చుకొనుచున్న ముప్పది సంవత్సరముల యుద్ధకాలములో, 1625లో, హ్యూగో గ్రోషియస్ యుద్ధ ధర్మముపై వ్రాసిన గ్రంథములో ఈ ఆజ్ఞనే ఉదాహరించవలసి వచ్చెను. 1961 నుండి 1971 వరకు అమెరికా వియత్నాములో అడవులపై మాత్రమే గాక పంటలపై కూడ విషరసాయనములు చల్లెను. 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందపు 54వ నిబంధన, పౌరుల జీవనమునకు అవసరమైన పంటలను, పశువులను, నీటి వనరులను నాశనము చేయుటను నిషేధించినది. ఇశ్రాయేలు గాని మన భారతదేశము గాని ఆ ఒప్పందములో చేరలేదు. కనుక వేలు ఒకవైపే చూపుట మనకు తగదు.

ముగింపు

మా పరిశీలన సారాంశము ఇది. ఈ ఆజ్ఞ చెట్లపై ప్రేమను బోధించు పాఠము కాదు. అధికారము చేతిలోనున్నవాడు, కోపములోనున్నవాడు, అవసరమును చూపగలవాడు, అతడే సంబోధింపబడుచున్నాడు. అవసరము లేదని ఆజ్ఞ అనుట లేదు. అవసరమని చెప్పుట చాలదని మాత్రము అనుచున్నది. ఎరిగి నరుకుము, వరుసగా నరుకుము, లెక్క చెప్పి నరుకుము. లెక్క చెప్పలేనిచో దించుము. రాషీ నుండి మైమోనిదెస్ వరకు, హద్దు ఎక్కడనో అను విషయమై తగవులాడిన వారెవరును హద్దే లేదనలేదు.

లూకా 13లో మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరుకుమన్న యజమానుని ఎదుట తోటమాలి ఇంకొక యేడు గడువు అడిగెను. రబ్బీల కొలత ప్రకారము ఆ చెట్టును నరుకుటకు అడ్డు లేదు. అయినను తోటమాలి త్రవ్వి ఎరువు వేయుదుననెను. చట్టము ఆగినచోట అతడు ఇంకొక అడుగు వేసెను. ఈ వచనములపై ఇకమీదట ప్రసంగించు మన విద్యార్థులు మొక్కలు నాటించుటతో ఆగక, ఆ ఇరువదవ అధ్యాయమును మొదటినుండి చదివి వినిపించవలెనని మా మనవి. అందులోని కఠిన వచనముల యొద్ద వారు తడబడినను తప్పు లేదు. వాటిని దాటవేసి చెట్టు నీడకు చేరుటయే తప్పు.